బాణం గుర్తు తీసేస్తే దారి తెలియదు, ఉంచితే లోకం కనిపించదు: స్కైరిమ్ ఆడేవారు ఏం చేస్తున్నారు?

పెన్నా_ఒడ్డు
స్కైరిమ్ అనే మంత్రాలు, డ్రాగన్ల వీడియో గేమ్ మళ్లీ మొదటినుంచి ఆడుతున్నాను. ఈసారి ఒక సంగతి బాగా ఇబ్బంది పెడుతోంది. తెర పైన దిక్సూచి పట్టీ ఉంటుంది కదా, దాని మీద బాణం గుర్తు. ఎవరో ఒక పని అప్పగిస్తారు, వెంటనే గుర్తు వచ్చి కూర్చుంటుంది. ఇక నా కళ్లు ఆ పట్టీని వదలవు. పక్కన కొండ ఉందా, వాగు దాటానా, ఏదీ పట్టదు. అందులోని వైట్‌రన్ ఊరి నుంచి విండ్‌హెల్మ్ ఊరి దాకా కాలినడకన వెళ్లాక, దారిలో ఏం చూశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇంత కష్టపడి కట్టిన లోకాన్ని చూడకుండా దాటేయడం నాకు బాధగా ఉంది.

సరే, గుర్తు ఆపేశాను. అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. చాలా పనులకు ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. పనుల చిట్టాలో "ఫలానా గుహలోని ఫలానా వస్తువు తీసుకురావాలి" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ గుహ ఏ ఊరికి ఎటువైపు? ఏ కొండ కింద? బాణం ఎలాగూ ఉంటుందన్న ధీమాతోనే మాటలు రాసినట్టున్నారు. 2011 నుంచి ఇంతమంది ఆడుతున్న ఆట ఇది. లీనమై ఆడాలంటే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఒంగోలు_గిత్త
ఇదే వరుసలో ముందొచ్చిన మారోవిండ్ ఆడు తమ్ముడూ. 2002లోనే వాళ్లు ఈ పని చక్కగా చేశారు. మొదట్లోనే చేతిలో ఒక కాగితం పెడతారు. బాల్మోరా అనే ఊరికి వెళ్లు, అక్కడి సౌత్ వాల్ సత్రంలో ఫలానా మనిషి గురించి వాకబు చెయ్యి, అంతే. బాణం లేదు. ఊరు చేరాలి, సత్రం ఎక్కడో వెతకాలి, లోపల ఉన్నవాళ్లను పలకరించాలి. ఒకరు చెప్పిన మాట పట్టుకుని ఇంకొకరి ఇంటి తలుపు తట్టాలి. మనం కొత్త ఊరికి వెళ్తే చేసేది అదే.

ప్రయాణం కూడా అంతే. మ్యాప్ మీద నొక్కి ఎగిరిపోవడం ఉండదు. సిల్ట్ స్ట్రైడర్ అనే ఏనుగును మించిన ఎత్తు పురుగు ఉంటుంది, డబ్బిచ్చి దాని మీద ఎక్కాలి. కొన్ని ఊళ్లకు పడవలు. మంత్రగాళ్ల సంఘం ఉన్న ఊరి నుంచి అలాంటి ఇంకో ఊరికి మంత్రంతో పంపిస్తారు. ఏది ఎక్కడికి పోతుందో మనకే గుర్తుండాలి. ఎక్కడ దిగి ఎక్కడ మారాలో లెక్క వేసుకుంటూ ఉంటే ఆ ఆట జరిగే దీవి మొత్తం బుర్రలోకి ఎక్కేస్తుంది. త్వరగా వెళ్లే సౌకర్యం అక్కడా ఉంది, కాకపోతే అది ఆ లోకంలో భాగం. స్కైరిమ్‌లో గుర్రపు బళ్లు పెట్టి కూడా మ్యాప్ మీద ఎగరనిచ్చారు. ఇక బండివాడి ముఖం ఎవరు చూస్తారు?

మైపాడు_అల
గిత్త అన్నా, మీరు చెప్పింది వినడానికి బాగుంది. నేను రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాను. రాత్రి నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆడుతున్నాయా లేదా చూసుకోవాలి, మధ్యలో దొరికే గంటలోనే నా ఆట. ఆ గంటా సత్రం వెతకడానికే పోతే నేను కత్తి ఎప్పుడు దూయాలి? బాణం ఉంది కాబట్టే నేను స్కైరిమ్‌లో ముఖ్యమైన కథ చివరిదాకా వెళ్లగలిగాను. డ్రాగన్ మీద పడి ప్రాణం తీస్తుంటే నేను పూర్తిగా లీనమయ్యే ఉంటాను, బాణం పైన ఉన్నా సరే.

ఇంకో మాట. మారోవిండ్‌లో కొన్నిచోట్ల వాళ్లు చెప్పే దిక్కుకూ అసలు చోటుకూ పొంతన ఉండదు. తూర్పు అని చెప్పి ఇంకెటో పంపితే అది లీనం కావడం కాదు, సమయం పాడు కావడం.

పెన్నా_ఒడ్డు
మైపాడు అన్నా, బాణాన్ని అందరికీ తీసేయమని నేను అనడం లేదు. తీసేసినవాడికి కూడా ఆట దారి చెప్పగలగాలి అంటున్నాను.

చీమకుర్తి_రాయి
నాకు బాణం కంటే బరువు లెక్క ముఖ్యం. స్కైరిమ్‌లో మొదట 300 దాకా మోయవచ్చు. డ్రాగన్ ఎముక ఒక్కొక్కటి 15. రెండు డ్రాగన్లను కొడితే చాలు, ఇక అడుగు ముందుకు పడదు. అప్పుడు నేల మీద కూర్చుని ఏది పారేయాలా అని వెతుక్కోవడం. చాలామంది దీన్ని తిడతారు కానీ నాకు ఆ ఘడియే ఇష్టం. ఇంత దూరం మోసుకొచ్చిన ఇనుప కవచం ఇక్కడ వదిలేయాలా, ఎముక వదిలేయాలా అని ఆలోచించినప్పుడు ఆ మనిషి వీపు మీద నిజంగా బరువు ఉన్నట్టు అనిపిస్తుంది.

సర్వైవల్ మోడ్ పెట్టి చూడండి. 2017లో వచ్చింది, 2021 నవంబర్ నుంచి స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్లకు ఉచితం. మోయగలిగే బరువు తగ్గిపోతుంది, విల్లుతో వేసే బాణాలకు కూడా బరువు వస్తుంది. ఆకలి, చలి, అలసట ఉంటాయి. మ్యాప్ మీద ఎగరడం ఉండదు. గిత్త అన్న అడిగిన బండివాడి ముఖం అప్పుడు తప్పకుండా చూస్తారు.

ఉదయగిరి_బాటసారి
ఎత్తు ఎక్కి చూడటం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఉదయగిరి కొండ మీద కోట ఉంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నది. కింద ఊళ్లో నిలబడి చూస్తే అక్కడక్కడా గోడ ముక్కలు తప్ప ఏమీ అర్థం కాదు. ఎక్కుతూ పోతుంటే ఒక మలుపు తర్వాత గోడ, ఇంకో మలుపు తర్వాత మరో గోడ. పైకి వెళ్లాక ఎటు నుంచి సైన్యం వచ్చినా కనిపిస్తుందని కాళ్లు నొప్పి పెట్టాకే తెలుస్తుంది.

జెల్డా ఆటల్లో 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ ఈ అనుభూతిని పట్టుకుంది. ఎత్తైన చోటికి ఎక్కి, దుర్భిణి లాంటి పరికరంతో చుట్టూ చూసి, ఆసక్తిగా అనిపించిన చోట మన చేత్తో మనమే గుర్తు పెట్టుకుంటాం. అక్కడా గుర్తులు ఉన్నాయి. అయితే నేను చూసి పెట్టుకున్న గుర్తు అది. ఎక్కేటప్పుడు ఓపిక అయిపోతే పడిపోతాం, వాన వస్తే రాయి జారుతుంది. దాంతో వాతావరణం చూసి బయలుదేరడం అలవాటవుతుంది.

స్కైరిమ్ చేతకానిదని మాత్రం అనను. కొండ మీది హై హ్రోత్‌గార్ మఠానికి ఎక్కే ఏడు వేల మెట్ల దారిలో రాతి ఫలకాలు ఉంటాయి. పది. ఒక్కొక్కటీ ఆగి చదువుతూ అన్నీ పూర్తి చేస్తే ఒక వరం దొరుకుతుంది. ఆట లెక్కన ఒక రోజు పాటు అడవి జంతువులు మీద పడవు, మనల్ని చూసి పారిపోవు. ఈ సంగతి ఏ బాణమూ చెప్పదు. ఆగి చూసినవాడికే దక్కుతుంది. ఇలాంటివి ఇంకో యాభై పెట్టి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

పొదిలి_కొండ
ఆ ఫలకాల పక్క నుంచే ఎన్నిసార్లో పరుగెత్తాను, వరం సంగతి ఇప్పుడే వింటున్నాను. బాటసారి అన్నకు ధన్యవాదాలు.

పలక_బలపం
పైన అందరూ "చదివి తెలుసుకోవాలి", "అడిగి తెలుసుకోవాలి" అంటున్నారు. ఎవరి భాషలో?

మాది మార్కాపురం వైపు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. స్కైరిమ్ మొదటిసారి చూసింది నెట్ సెంటర్‌లో. అందులో ఎవరైనా నోరు తెరిస్తే నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. కింద అక్షరాలు వస్తాయి కానీ చదివేలోపు మారిపోతాయి. పుస్తకాలు వందల కొద్దీ ఉన్నాయి ఆ ఆటలో, ఒక్కటీ తెరవలేదు. అయినా ఆడాను. ఎందుకంటే బాణం ఉంది. అటు వెళ్లు అంటుంది, వెళ్లేవాణ్ని. అక్కడ ఎవరో నన్ను కొట్టేవాళ్లు, నేను కొట్టేవాణ్ని. తిరిగి వస్తే డబ్బు వచ్చేది. కథ నాకు నేనే అల్లుకున్నాను. జార్ల్ అనే అక్కడి పాలకుడు మా ఊరి పెద్దలా అనిపించేవాడు. ఆ ఆట నాకు తలుపు తెరిచింది అంటే ఆ బాణం వల్లే.

గిత్త అన్న చెప్పిన మారోవిండ్ తర్వాత ప్రయత్నించాను. ఆ చిట్టా తెరిస్తే పేజీల కొద్దీ ఇంగ్లిషు. "కూడలి దాటాక వాయవ్యంగా వెళ్లి, రెండు రాళ్ల మధ్య నుంచి" అనే వాక్యాన్ని ఇంగ్లిషులో చదివి అర్థం చేసుకుని మళ్లీ తెర మీద వెతకాలి. చదువు బాగా అబ్బినవాళ్లకు అది హాయిగా ఉంటుంది. నాకు అది పరీక్ష పత్రం. కాబట్టి బాణం తీసేయాలి అనే ముందు, దాని స్థానంలో వచ్చే మాటలు ఎవరికి అందుతాయో ఆలోచించండి. ఈ పెద్ద ఆటల్లో ఒక్కదానిలోనూ తెలుగు నాకు కనిపించలేదు. మీరంతా మన జిల్లాలవాళ్లే కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

ఒంగోలు_గిత్త
పలక తమ్ముడూ, నీ మాట కాదనలేను. మా అన్నయ్య పక్కన కూర్చుని ప్రతి వాక్యం తెలుగులో చెప్పేవాడు కాబట్టి నాకు మారోవిండ్ అంత నచ్చింది. అలాంటి మనిషి లేనివాడికి అది మూసిన పుస్తకమే. అయినా ఒకటి అడుగుతాను. బాణం పట్టుకుని వెళ్లిన చోట్లలో నీకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపించేది ఏది?

పలక_బలపం
బంగారు గోరు తలుపు, గిత్త అన్నా. అక్కడ బాణం తలుపు దాకా తెచ్చి వదిలేస్తుంది.

కోవూరు_అక్క
నేను చెప్పబోయింది కూడా ఆ తలుపు గురించే. ఆడనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను.

రివర్‌వుడ్ అనే చిన్న ఊళ్లో లూకన్ అనే అంగడివాడి బంగారు గోరు దొంగలు ఎత్తుకుపోతారు. డ్రాగన్ పంజా ఆకారంలో ఉండే వస్తువు. కొండ మీది పాత సమాధిలో, బ్లీక్ ఫాల్స్ బారోలో, అది మన చేతికి వస్తుంది. లోపలికి పోతే ఒక పెద్ద గుండ్రటి రాతి తలుపు. మూడు వలయాలు, ఒక్కో వలయంలో తిప్పితే మారే జంతువుల బొమ్మలు. మధ్యలో గోళ్లు దూరేలా రంధ్రాలు. ఏ బొమ్మలు వరుసగా రావాలో తలుపు మీద ఎక్కడా లేదు. సంచి తెరిచి, ఆ గోరును ఎంచుకుని, దగ్గరికి తెచ్చి, తిప్పి చూడాలి. అరచేతి వైపు చెక్కి ఉంటాయి మూడు బొమ్మలు: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. వలయాలు అలా తిప్పి గోరు గుచ్చితే తలుపు కిందికి దిగిపోతుంది.

మా అబ్బాయికి అప్పటికి ఇంగ్లిషు అక్షరాలే సరిగా రావు. వాడే కనిపెట్టాడు. "అమ్మా, దీని వెనక బొమ్మలున్నాయి" అని. ఒక్క మాట చదవనక్కర్లేదు, బాణం అక్కర్లేదు, వస్తువును చేతిలోకి తీసుకుని చూస్తే చాలు. పలక తమ్ముడి బాధకూ పెన్నా తమ్ముడి బాధకూ ఒకే మందు అది. దారి చెప్పే పని ఇంగ్లిషు వాక్యం మీద పెట్టకుండా వస్తువు మీద, చప్పుడు మీద, పొగ మీద, కాలిబాట మీద పెట్టాలి. 2020లో వచ్చిన గోస్ట్ ఆఫ్ సుషిమాలో వెళ్లవలసిన వైపుకు గాలి వీస్తుంది, గడ్డి అటు వంగుతుంది. అది మంత్రాల ఆట కాదు, అయినా పాఠం అదే. గడ్డి వంగడానికి ఏ మాధ్యమంలో చదివామన్నది అడ్డు రాదు.

మైపాడు_అల
అక్కా, ఆ గాలి నాకూ నచ్చింది. నా గంట కూడా వృథా కాదు.

నల్లమల_నీడ
దారి గురించి బాగా చర్చించారు, ఇప్పుడు ఎదుగుదల గురించి. నన్ను ఆటలోంచి బయటికి గెంటేది ఇదే. స్కైరిమ్ వరుసలోదే అయిన ఒబ్లివియన్‌లో, 2006లో వచ్చినది, మన లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులు కూడా పెరుగుతారు. మొదట్లో దారి దోపిడీ దొంగ చిరిగిన తోలు తొడుక్కుని వంద బంగారు నాణేలు ఇమ్మంటాడు. చాలా కాలానికి అదే దారిలో వెళ్తే అదే తరహా దొంగ, ఎంతో ఖరీదైన గాజు కవచం తొడుక్కుని, మళ్లీ వంద నాణేలే అడుగుతాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడు దొంగతనం మానేసి హాయిగా బతకవచ్చు! నేను బలపడ్డాను అన్న భావమే కలగదు.

స్కైరిమ్‌లో ఒక్కో ప్రాంతానికి కనిష్ఠం, గరిష్ఠం పెట్టి కొంత సరిచేశారు. కానీ సంఘాల సంగతి? వింటర్‌హోల్డ్ మంత్ర విద్యాలయంలో చేరి, నాలుగు చిన్న మంత్రాలతో, మిగతాదంతా కత్తితో నెట్టుకొచ్చి, చివరికి ప్రధానాచార్యుడైపోవచ్చు. అక్కడే ఏళ్ల తరబడి చదివిన పండితులు నోరు మూసుకుని చూస్తుంటారు. మారోవిండ్‌లో అలా కుదరదు. సంఘంలో పై మెట్టు ఎక్కాలంటే ఆ విద్యలో ఇంత నైపుణ్యం ఉండాలని నియమం. లేకపోతే "ఇంకా నేర్చుకుని రా" అని పంపేస్తారు. ఆ తిరస్కారం వల్లే ఆ పదవికి విలువ.

పొదిలి_కొండ
నీడ అన్నా, మారోవిండ్‌లో కత్తి ఎలుకకు తగిలినట్టు కళ్లారా కనిపిస్తుంది, ఆట లోపల వేసుకునే పాచికల లెక్క మాత్రం తగలలేదంటుంది. పరుగెత్తి అలసిపోయి ఉంటే అసలే తగలదు. అది కూడా చెప్పండి.

నల్లమల_నీడ
అది లోపమే, కాదనను. అలసిపోతే గురి తప్పాలన్న ఆలోచన మంచిది. చూపించడం చేతకాలేదు.

కావలి_గాలి
సేవ్ చేయడం గురించి నా గోడు వినండి. కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2018లో వచ్చింది. అందులో మంత్రాలు లేవు, యూరప్‌లోని మధ్యయుగపు బొహీమియా కథ, కానీ ఇక్కడ మాట్లాడుతున్న విషయానికి సరిగ్గా సరిపోతుంది. ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేయాలంటే ఒక సారా సీసా తాగాలి. అది డబ్బు పెట్టి కొనాలి, లేదా మూలికలతో కాచుకోవాలి. ఎక్కువ తాగితే కథానాయకుడు హెన్రీకి కైపెక్కుతుంది. లేదంటే సొంత పడక మీద పడుకుంటే సేవ్ అవుతుంది. ఆలోచన ఎంత బాగుందో చూడండి. సీసా ఒక్కటే మిగిలినప్పుడు అడవిలో చీకటి పడితే గుండె దడదడలాడుతుంది. ప్రతి అడుగుకూ విలువ వస్తుంది.

ఎండాకాలం మా వీధిలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పొద్దుటినుంచి ఆడినదంతా పోయింది. అప్పుడు ఆ సారా సీసా మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తర్వాత వచ్చిన సవరణలో (ప్యాచ్) బయటికి వెళ్లేటప్పుడు సేవ్ అయ్యేలా పెట్టారు, అది మంచి పని. కానీ కరెంటు మనల్ని అడిగి పోదు కదా. ఈ విషయంలో ఎల్డెన్ రింగ్ అనే ఆట మేలు. ప్రతి చిన్న మార్పుకూ తనంతట తానే సేవ్ చేసుకుంటూ ఉంటుంది. చేసిన తప్పు వెనక్కి తీసుకోలేము, కరెంటు పోయినా పెద్దగా నష్టపోము. కష్టం ఆటలో ఉండాలి, కరెంటు స్తంభంలో కాదు.

చీమకుర్తి_రాయి
ఎల్డెన్ రింగ్‌లో ఆపడానికి వీల్లేదే. అమ్మ అన్నానికి పిలిస్తే పెద్ద రాక్షసుడి ముందు నిలబడి "వస్తున్నా" అని అరవాలి.

ఒంగోలు_గిత్త
డ్రాగన్స్ డాగ్మా 2 ఎవరూ ఆడలేదా? 2024 మార్చిలో వచ్చింది. క్షణంలో ఇంకో ఊరికి చేర్చే మంత్రపు రాళ్లు చాలా అరుదు, కాబట్టి ఊరి నుంచి ఊరికి ఎద్దు బండి ఎక్కాలి. బండిలో కునుకు తీయవచ్చు, మధ్యలో గాబ్లిన్లు మీద పడితే దూకి కొట్టుకోవాలి. నడిచే కొద్దీ దెబ్బల వల్ల గరిష్ఠ ప్రాణశక్తి తగ్గుతూ వస్తుంది, రాత్రి సత్రంలో గానీ గుడారం వేసుకుని గానీ పడుకుంటేనే తిరిగొస్తుంది. ఆ గుడారం సామాను కూడా మోయాలి. బయలుదేరే ముందు నిజంగా ప్రయాణానికి సర్దుకున్నట్టు ఉంటుంది. ఎద్దులు మాత్రం మన ఒంగోలు జాతి కాదు, మనవైతే గాబ్లిన్లను అవే చూసుకునేవి.

పొదిలి_కొండ
తిండి సంగతి కూడా అనండి. స్కైరిమ్‌లో డ్రాగన్ నోరు తెరిచి నిప్పు కక్కుతుంటే సంచి తెరవగానే కాలం ఆగిపోతుంది. తీరిగ్గా ఇరవై క్యాబేజీలు, నాలుగు జున్ను చక్రాలు తినేసి ప్రాణం నింపుకుని మళ్లీ కత్తి పట్టవచ్చు. ఇది నాకు బాణం కంటే పెద్ద లోటు. తినడానికి ఒక క్షణమైనా పట్టాలి, ఆ క్షణం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి.

ఓడిపోవడం గురించి కూడా ఒక మాట. బాల్డర్స్ గేట్ 3లో, 2023 ఆగస్టులో వచ్చింది, ఇరవై ముఖాల పాచిక మన కళ్ల ముందే దొర్లుతుంది. ఓడితే కథ ఇంకో వైపు తిరుగుతుంది. నేను మొదట ప్రతిసారీ వెనక్కి వెళ్లి మళ్లీ దొర్లించేవాణ్ని. ఆ ఏడాది నవంబర్ చివర్లో హానర్ మోడ్ తెచ్చారు, అందులో ఒకే సేవ్, వెనక్కి వెళ్లడం లేదు. అది ఎంచుకున్నాక ప్రతి మాటా ఆలోచించి మాట్లాడుతున్నాను.

పెన్నా_ఒడ్డు
అందరి మాటా చదివాను. పలక అన్న మాట మనసులో నిలిచిపోయింది. నాకు అడ్డంగా అనిపించిన బాణమే అతనికి తలుపు తెరిచింది. అయినా నా ప్రశ్న పోలేదు. గోరు తలుపు, ఏడు వేల మెట్ల ఫలకాలు చేయగలిగినవాళ్లు మిగతా వందల పనులకు ఒక్క వాక్యం దారి చెప్పలేకపోయారా? సర్వైవల్ మోడ్ పెడతాను. మ్యాప్ ఉంచుతాను. బాణం ఒక్కటే ఎలా తీయాలి? నేను సెట్టింగుల్లో తెర మీది గుర్తులన్నీ కలిపి మసకబార్చాను, దాంతో దిక్సూచి కూడా పోయింది.

ఉదయగిరి_బాటసారి
సెట్టింగులు వద్దు. చిట్టా తెరిచి, చేస్తున్న పని మీద నొక్కితే దాని పక్కనున్న గుర్తు పోతుంది. అన్ని పనులకూ అలా తీసేస్తే దిక్సూచి ఉంటుంది, దిక్కులు ఉంటాయి, బాణం ఉండదు. ఎప్పుడైనా మరీ చిక్కుకుంటే మళ్లీ నొక్కుకోవచ్చు.

పలక_బలపం
ఆట చెప్పని దారి మనం తెలుగులో రాసి పెడితే? బాణం లేకుండా ఆడాలనుకునేవాళ్లకూ, ఇంగ్లిషు రానివాళ్లకూ ఇద్దరికీ పనికొస్తుంది. కొండ, వంతెన, గోపురం ఆనవాళ్లతో. నేను చదివి సరిచూస్తాను, నాకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.

కోవూరు_అక్క
మొదటిది నేను రాస్తున్నాను.

రివర్‌వుడ్ నుంచి బ్లీక్ ఫాల్స్ బారోకు: లూకన్ అంగడిలో గోరు వెతికి తెస్తానని ఒప్పుకుంటే అతని చెల్లెలు కమిలా మీకు దారి చూపిస్తానంటుంది. ఆమె ముందు నడుస్తుంది, పరుగెత్తకుండా వెంట వెళ్లండి. ఊరి చివర వంతెన దగ్గర ఆగి కొండ వైపు దారి చెబుతుంది. వంతెన దాటాక ఏటి వెంట వైట్‌రన్‌కు దిగే బాట వదిలేసి, కొండెక్కే బాట పట్టండి. కొంత ఎక్కాక నేల మీద మంచు మొదలవుతుంది. పాత రాతి బురుజు ఒకటి వస్తుంది. దాన్ని దాటి ఇంకా పైకి వెళ్తే పెద్ద పెద్ద నల్లరాతి కమానులు, మెట్లు కనిపిస్తాయి. అదే సమాధి.

మైపాడు_అల
అక్కా, బురుజు దగ్గర దొంగలు ఉంటారు. అది ముందే రాయండి, లేకపోతే కొత్తవాళ్లు అక్కడే పోతారు.

కోవూరు_అక్క
చేర్చాను. తర్వాతిది, రివర్‌వుడ్ నుంచి వైట్‌రన్, మీరే రాయండి.

మైపాడు_అల
రాస్తాను. రాత్రి చెరువు గట్టు మీద ఫోనులో కొడతాను, అక్షరదోషాలు పలక అన్న చూసుకోవాలి.